మనిషి ఏల వ్రాయును?

గ్రామ పంచాయతీ అనగానే మంచినీటి ట్యాంకు, వీధి దీపములు, మురుగు కాలువలు, ఇంటి పన్ను కన్నుల ముందు మెదలుట సహజము. పంచాయతీ సభ్యుని ఇంటికి వచ్చువారు కూడ వీనిని గూర్చియే వత్తురు. నేనొక పాట కట్టితిని, నేనొక కథ వ్రాసితిని, వినుడని వచ్చువారు అరుదు. అందువలన మనుష్యులు పద్యములు, పాటలు, కథలు ఏల వ్రాయుదురు అను ప్రశ్నతో పంచాయతీకి పని ఏమి అని సభ్యులు కొందరు అడుగవచ్చును.

పని కలదని మా అభిప్రాయము. ప్రతి గ్రామమునందును వ్రాయువారు కలరు. లెక్కల నోటుపుస్తకము చివరి పుటలలో పద్యము వ్రాసికొను బాలుడు, భజన మండలికి క్రొత్త పాట కట్టు రైతు, బతుకమ్మ చుట్టు తిరుగుచు పాత పాటకు తన ఇంటి కష్టమును రెండు చరణములుగా చేర్చి పాడు స్త్రీ, వీరందరును సృజన చేయువారే. వీరిచేత ఆ పని చేయించుచున్నది ఏదియో తెలిసినచో, అది నిలుచుటకు గ్రామము చేయవలసినదేమో తెలియును. ఏమియు చేయకున్నచో గ్రామము పోగొట్టుకొనునది ఏదియో కూడ తెలియును.

ఇందుకు సాక్ష్యము కొరకు మనము దూరము పోనక్కర లేదు. కరీంనగర్, ఆదిలాబాదు సీమల చరిత్రలోనే అది కలదు. 2016 అక్టోబరు 11వ తేదీన ఈ రెండు జిల్లాలు విభజింపబడి పలు జిల్లాలైనవి. ఈ వ్యాసములో సీమ అన్నపుడు పాత ఉమ్మడి జిల్లా అనియే గ్రహింపవలెను.

పెద్దలు చెప్పిన కారణములు

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 11వ శతాబ్దిలో కాశ్మీర దేశమున ఉండిన మమ్మటుడను పండితుడు ‘కావ్యప్రకాశము’ అను గ్రంథమున కావ్యమునకు ఆరు ప్రయోజనములు చెప్పెను. కీర్తి కలుగుట, ధనము లభించుట, లోకవ్యవహారము తెలియుట, కీడు తొలగుట, చదివిన తక్షణమే గొప్ప ఆనందము కలుగుట, ఇల్లాలు చెప్పినట్లు మెత్తగా హితము చెప్పుట, ఇవియే ఆ ఆరు. వీనిలో కొన్ని వ్రాసినవానికి చెందినవి. కొన్ని చదువువానికి చెందినవి.

ఇంగ్లీషు రచయిత జార్జి ఆర్వెల్ 1903లో మన దేశములోనే, బీహారు రాష్ట్రమునందలి మోతీహారిలో జన్మించెను. ‘నేను ఏల వ్రాయుచున్నాను’ అను అర్థమిచ్చు పేరుతో ఆయన 1946లో ఒక వ్యాసము వ్రాసి, నాలుగు కారణములు చెప్పెను. తన పేరు నలుగురి నోట పలుకవలెనను కోరిక, మాటల అందముపై మక్కువ, జరిగినదానిని జరిగినట్లు రాబోవు తరములకు దాచవలెనను తపన, లోకమును ఒక దారికి మరల్చవలెనను ఆశయము. పొట్టకూటికై వ్రాయుటను ఆయన ప్రక్కన పెట్టెను.

మమ్మటునకును ఆర్వెల్‌కును నడుమ దాదాపు తొమ్మిది వందల సంవత్సరముల దూరము కలదు. ఐనను ఇద్దరి మాటలును ఒకచోట కలియుచున్నవి. మనిషి ఒకే కారణముచేత వ్రాయడు. ఇక ఆ కారణములు మన పల్లెలలో ఏ రూపమున కనిపించినవో చూతము.

అన్న పేరు నిలుపుటకు చెక్కిన పద్యములు

కరీంనగర్ జిల్లా గంగాధర మండలములో కురిక్యాల అను గ్రామము కలదు. దానికి సమీపమున బొమ్మలగుట్ట అను రాతిగుట్ట ఉన్నది. దాని బండపై జైన తీర్థంకరుల బొమ్మలును, చక్రేశ్వరీ దేవి బొమ్మయును చెక్కబడి, వాని వద్ద ఒక శాసనము కలదు. అది సుమారు క్రీ.శ. 945 నాటిది. దానిని వేయించినవాడు జినవల్లభుడు.

ఈ జినవల్లభుని అన్న పంపకవి. కన్నడ భాషలో ఆదికవిగా కీర్తింపబడు పంపడు వేములవాడ చాళుక్యరాజైన రెండవ అరికేసరి ఆస్థానమున ఉండెను. అన్నగారి వంశమును, ఆయన గుణములను, రాజు ఆయనకు చేసిన గౌరవమును లోకమునకు తెలుపుటకై తమ్ముడు ఆ బండను ఎంచుకొనెను. శాసనము సంస్కృతము, కన్నడము, తెలుగు అను మూడు భాషలలో ఉన్నది. తెలుగు భాగములో మూడు కంద పద్యములు కలవు. నన్నయ భారతమునకు ఈ పద్యములు సుమారు నూరేండ్లు ముందువి. మన భాషలో కందపద్యము అంత ప్రాచీన కాలముననే ఎంత చక్కగా ఉండెనో చెప్పుటకు పండితులు నేటికిని ఈ గుట్టనే చూపుచున్నారు.

ఇందులో వ్రాతకు కారణము స్పష్టముగనే ఉన్నది. ప్రియమైనవాని పేరు మరుగున పడరాదను కోరికయే అది. దానితోపాటు మరియొకటి గమనింపవలెను. అన్న కీర్తిని చెప్పుటకు ఒక భాష చాలును. మూడు భాషలలో చెక్కించినాడనగా, ఆ దారిని పోవువారిలో ఏ భాషవాడును చదువలేక మరలిపోరాదని తమ్ముడు తలచియుండును. చదువువాడు అతని మనసులో ముందే నిలిచియున్నాడు.

ధర్మపురి ముంగిట ఒక మొర

గోదావరి ఒడ్డున, నేటి జగిత్యాల జిల్లాలో, ధర్మపురి క్షేత్రము కలదు. సుమారు 18వ శతాబ్దికి చెందిన శేషప్పకవి అచ్చటి నరసింహస్వామిని సంబోధించుచు సీస పద్యములలో ‘నరసింహ శతకము’ రచించెను. ప్రతి పద్యము చివరను ధర్మపురి స్వామిని పిలుచు మకుటము వచ్చును.

ఆ శతకములో ఒకచోట కవి తన్నుతాను ఎంచుకొనిన తీరు గమనింపదగినది. నిత్యము పాడి మెప్పించుటకు తాను నారదుడను కాననియు, సేవించి మెప్పించుటకు శబరిని కాననియు, చిన్ననాటి నుండి భక్తి కలుగుటకు ప్రహ్లాదుడను కాననియు, గ్రంథములు కల్పించుటకు వ్యాసుడను కాననియు చెప్పికొని, ఐనను తనను విడువవద్దని స్వామిని వేడుకొనెను. గొప్పవాడను కానను ఎరుకయే ఇచ్చట కవిచేత వ్రాయించినది. మమ్మటుడు చెప్పిన ‘కీడు తొలగుట’ అను ప్రయోజనము దీనికి దగ్గరగా ఉన్నది. బాధను నోరు తెరచి చెప్పుకొనినచో మనసు బరువు తగ్గును. చెప్పుకొనుటకు ఎదుట ఎవరో ఒకరు ఉండవలెను. శేషప్పకు ఎదుట ఉన్నవాడు దేవుడు. కాని ప్రక్కన నిలబడి విన్నది ఊరు. వీధిబడులలో పిల్లలు ఈ పద్యములను వల్లె వేసిరి. అక్షరము రాని పెద్దలు కూడ వానిని కంఠస్థము చేసిరి. అట్లు ఆ మొర తెలుగు నాడంతటికిని చేరినది.

అధిక్షేపమునకు బదులు

కొన్ని పర్యాయములు మనిషి రోషముచేత వ్రాయును. నిజాము రాజ్యమున చదువు ఉర్దూలో సాగుచుండిన కాలమున, తెలంగాణములో కవులు లేరని ఒకరు వ్రాసిన మాట ఇచ్చటివారి మనసును నొప్పించినది. గోలకొండ పత్రిక సంపాదకులైన సురవరం ప్రతాపరెడ్డి గారు దానికి వాదముతో బదులు చెప్పక, తెలంగాణములోని కవులను పద్యములు పంపుడని కోరిరి. అట్లు చేకూరిన పద్యములతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువడినది. అందులో 354 మంది కవులు కలరు.

ఈ సంఖ్యను గూర్చి పంచాయతీ సభ్యులు కొంచెము ఆలోచింపవలెను. ఆ కవులు సంచిక కొరకు ఒక్క దినమున పుట్టుకొని వచ్చినవారు కారు. వారిలో పెక్కుమంది తమ తమ ఊళ్లలో అంతకుముందే వ్రాసికొనుచుండిరి. పంపుడని అడిగినవారు లేకపోవుటచేత వారి వ్రాతలు ఇంటి దూలము మీదనో, పెట్టెలోనో ఉండిపోయినవి. అడిగినవాడు ఒకడు వచ్చుటతో అవి వెలికి వచ్చినవి. నేడు కూడ ఏ గ్రామమున ఐనను ‘మా ఊరిలో వ్రాయువారు లేరు’ అని చెప్పుటకు ముందు, మేము ఎన్నడైనను అడిగితిమా అని ప్రశ్నించుకొనుట మంచిది.

విన్న చెవి, చదివిన కన్ను

వ్రాయవలెనను కోరిక ఎచ్చట మొలకెత్తును? హనుమాజీపేట దీనికి మంచి ఉదాహరణము. వేములవాడకు సమీపమున ఉన్న ఈ గ్రామము నేడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో చేరియున్నది. 1931 జూలై 29న ఈ గ్రామములో సింగిరెడ్డి నారాయణరెడ్డి గారు ఒక రైతు కుటుంబమున జన్మించిరి. బాల్యమున వారు విన్నవి హరికథలు, జంగమ కథలు, జానపదుల పాటలు. వారి చదువు ఉర్దూ మాధ్యమములో సాగినది. సిరిసిల్ల, కరీంనగర్ దాటి హైదరాబాదు చేరిన పిమ్మట, 1901లో స్థాపింపబడిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయములో వారు తెలుగు గ్రంథములు విరివిగా చదివిరి. 1953లో వారి తొలి పుస్తకము ‘నవ్వని పువ్వు’ అచ్చయినది. 1980లో వెలువడిన ‘విశ్వంభర’ కావ్యమునకు గాను 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము వారికి లభించినది. వారు 2017 జూన్ 12న దివంగతులైరి.

అదే హనుమాజీపేటకు చెందినవారు ఒగ్గుకథా కళాకారులు మిద్దె రాములు గారు. ఒగ్గు అనగా శివుని ఢమరుకము. దానిని వాయించుచు మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను రాత్రులు తెల్లవార్లు చెప్పుట ఆ కళ. రాములు గారు 2010లో మరణించిరి. ఒకరి సృజన కాగితము మీద నిలిచినది, మరియొకరి సృజన వినువారి ఎదుట జరిగినది. రెండింటికిని ఒకే పల్లె పుట్టినిల్లు.

కథ వినుటకు జనము కూడు పల్లెలో పెరిగిన బాలుని చెవిలో లయ నిలిచిపోవును. ఆ చెవికి తరువాత పుస్తకము తోడైనచో వ్రాత పుట్టును. మొదటిది గ్రామము ఇచ్చినది, రెండవది గ్రంథాలయము ఇచ్చినది. ఈ రెండింటిలో ఏది లోపించినను ఆ బాలుడు వ్రాయడని చెప్పలేము గాని, వ్రాయుట కష్టతరమగును.

చూచినదానిని చెప్పక ఉండలేక

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారత దేశమున విలీనమైనది. ఆ మరుసటి సంవత్సరము, 1949లో, వరంగల్లు నుండి వెలువడిన కాకతీయ పత్రికలో ‘గొల్ల రామవ్వ’ అను కథ అచ్చయినది. నిజాము పాలన చివరి దినములలో ఒక ముసలమ్మ, పోలీసులు వెదకుచున్న యువకుని తన గుడిసెలో దాచి కాపాడుట అందలి వృత్తాంతము. రచయిత పేరు ‘విజయ’ అని ఉండెను. ఆ పేరు వెనుక ఉన్నవారు పాములపర్తి వేంకట నరసింహారావు గారు. ఆనాటి కరీంనగర్ జిల్లాలోని వంగరలో పెరిగి, 1957లో మంథని నుండి శాసనసభకు ఎన్నికై, 1991లో దేశ ప్రధాని అయినవారు వారే. కీర్తి కొరకే వ్రాసినవారైనచో మారుపేరు పెట్టుకొనియుండరు. సామాన్య స్త్రీలు చూపిన ధైర్యము చరిత్ర గ్రంథములలో చోటు దొరకక పోవచ్చుననియే కథకులు దానిని కథలో దాచిరని మేము భావించుచున్నాము. రాజకీయములలో మునిగియున్న కాలమున కూడ వారు వ్రాయుట మానలేదు. విశ్వనాథ సత్యనారాయణ గారి ‘వేయిపడగలు’ నవలను ‘సహస్రఫణ్’ అను పేరుతో హిందీలోనికి అనువదించిరి.

జగిత్యాలలో 1954 జనవరి 12న జన్మించిన అలిశెట్టి ప్రభాకర్ గారిది మరియొక దారి. వారు చిత్రకారులు, ఛాయాచిత్రకారులు. జగిత్యాలలోను, కరీంనగరులోను, హైదరాబాదులోను ఫోటో స్టూడియోలు నడిపి బ్రతికిరి. పేదల ఆకలిని, నగరపు కాఠిన్యమును నాలుగైదు పంక్తుల చిన్న కవితలలో చూపిరి. క్షయవ్యాధితో 1993లో, తమ జన్మదినమైన జనవరి 12ననే, కన్నుమూసిరి. కవిత్వము వారికి ధనము తెచ్చిపెట్టలేదు. వారి జేబు ఖాళీగా ఉన్ననాడు కూడ కవిత్వము ఆగలేదు.

ఆదిలాబాదు సీమలో, నేటి మంచిర్యాల జిల్లా దండేపల్లి మండలమునకు చెందిన లింగాపురములో జన్మించిన గూడ అంజయ్య గారు వృత్తిరీత్యా ఔషధములు ఇచ్చు ఫార్మసిస్టు. పల్లె ఎవరిది, పని ఎవరిది అని ప్రశ్నించు వారి పాటలు గ్రామ గ్రామమున జనము నోట పలికినవి. ఇతర భాషలలోనికి కూడ పోయినవి. వారు 2016లో మరణించిరి.

పంచాయతీ కార్యాలయమునకు వచ్చు అర్జీకిని, ఇట్టి పాటకును దూరపు చుట్టరికము కలదు. రెండును ‘మాకు ఇట్లు జరుగుచున్నది, వినుడు’ అనియే చెప్పును. అర్జీ ఒక అధికారికి చేరును. పాట ఊరందరికిని చేరును.

ఎడబాటు, జ్ఞాపకము

మన సీమలలో మరియొక కారణము బలముగా పనిచేయుచున్నది. అది వలస. సిరిసిల్ల నేతపనివారు బీవండికి పోయిరి. జగిత్యాల, నిర్మల్, కరీంనగర్ ప్రాంతముల యువకులు దుబాయి, మస్కటు మొదలైన గల్ఫు దేశములకు పోయిరి, నేటికిని పోవుచున్నారు. ఫోను అందుబాటులో లేని దినములలో ఒక ఉత్తరము వ్రాయుటకు వారు ఎంత ఆలోచించియుందురో ఊహింపవచ్చును. అప్పు తీరలేదని వ్రాయరాదు, ఒంట్లో బాగుండలేదని వ్రాయరాదు, ఐనను ఇంటివారికి మనసు తెలియవలెను. చెప్పరానిదానిని చెప్పకయే తెలుపుట కథకుని విద్య. ఎన్నడును కలము పట్టనివారికి ఎడబాటు ఆ విద్యను నేర్పినది. ఆ ఉత్తరములు కొన్ని ఇండ్లలో నేటికిని ట్రంకుపెట్టెల అడుగున ఉండవచ్చును.

జ్ఞాపకము కూడ ఎడబాటు వంటిదే. కాలమునకును మనకును నడుమ ఏర్పడిన ఎడబాటు అది. ఆదిలాబాదు సీమ దహెగాం ప్రాంతములోని తెనుగుపల్లెలో 1928లో జన్మించిన సామల సదాశివ గారు ఉపాధ్యాయులు. తెలుగుతోపాటు ఉర్దూ, ఫారసీ, హిందీ, మరాఠీ భాషలు ఎరిగినవారు. హైదరాబాదు కవి అమ్జద్ రుబాయీలను తెలుగు చేసిరి. వృద్ధాప్యమున తాము కలిసిన మనుష్యులను, విన్న సంగీతమును తలచుకొనుచు, ఎదుట కూర్చున్న మిత్రునితో ముచ్చటించినట్లు వ్యాసములు వ్రాసిరి. వారి పుస్తకములలో ఒకదాని పేరు ‘యాది’. మన ప్రాంతమున జ్ఞాపకమునకు జనము వాడు మాటయే అది. ‘స్వరలయలు’ అను గ్రంథమునకు 2011 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. 2012లో వారు దివంగతులైరి. వారు వ్రాయకున్నచో ఆ మనుష్యుల ముచ్చటలు వారితోనే పోయియుండెడివి.

వినువారు లేనిచో జరుగునది

ఇంతవరకు చెప్పినదానినుండి ఒక సంగతి తేలుచున్నది. ప్రేమ, మొర, రోషము, ఆవేదన, ఎడబాటు, ఇవి ఏ ఊరిలోనైనను కలవు. వ్రాయవలెనను కోరికకు ఎచ్చటను కరవు లేదు. ఆ కోరిక వ్రాతగా నిలుచుటకు వినువాడు, చదువువాడు, అడుగువాడు కావలెను. బండ దారిన పోవు బాటసారి, వీధిబడి పిల్లవాడు, పత్రికా సంపాదకుడు, గ్రంథాలయము, ఒగ్గుకథ ముందు కూర్చున్న జనము, వీరే ఆ పనిని చేసిరి.

వారు లేనిచో ఏమగునో ఆదిలాబాదు జిల్లా నార్నూర్ మండలములోని గుంజాల గ్రామము తెలుపుచున్నది. అచ్చటి గోండుల ఇండ్లలో గోండీ భాషకు చెందిన ప్రత్యేక లిపిలో వ్రాసిన చేతివ్రాత ప్రతులు ఉండెను. అవి సుమారు 1750 నాటివని పరిశోధకులు అంచనా వేసిరి. పండితుల దృష్టి వానిపై పడునాటికి ఆ లిపిని చదువగల వృద్ధులు ఆ ఊరిలో వ్రేళ్లపై లెక్కింపదగినంతమంది మాత్రమే మిగిలియుండిరి. మరి కొన్ని సంవత్సరములు గడచినచో ఆ ప్రతులు ఇంటివారికే అర్థము కాని గీతలుగా మిగిలియుండెడివి. వృద్ధులు నేర్పిరి, పిల్లలు నేర్చిరి, పండితులు పూనుకొనిరి. 2018లో కంప్యూటరు అక్షరములకు ప్రపంచమంతటను ప్రమాణమైన యూనికోడ్‌లో ‘గుంజాల గోండీ’ లిపికి స్థానము లభించినది.

గోండుల వంశకథలను పాడువారు పరధానులు. కిక్రీ అను తంత్రీవాద్యమును మీటుచు, తమను పోషించు గోండు కుటుంబముల ఎదుట వారి పూర్వుల కథలను పాడుట వారి సంప్రదాయము. ఇచ్చట పాటకును వినువారికిని ఉన్న సంబంధము కంటికి కనబడును. వినుటకు కుటుంబము కూర్చుండనిచో పరధాను కుమారుడు కిక్రీని నేర్వడు. పాటను ఎవరును నిషేధింపనక్కర లేదు. విననిచో చాలును, ఒక తరములో అది నశించును.

పంచాయతీ చేయదగినవి

పంచాయతీ కవులను పుట్టింపజాలదు. కాని వినువారిని సమకూర్పగలదు. దానికి పెద్ద ధనము అవసరము లేదు.

మొదటిది గ్రంథాలయ పన్ను. 1960 నాటి పౌర గ్రంథాలయముల చట్టము ననుసరించి ఇంటి పన్నుతోపాటు ప్రతి రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేయబడును. అనగా 1000 రూపాయల ఇంటి పన్నుపై 80 రూపాయలు. ఈ సొమ్ము పంచాయతీది కాదు. వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయుట పంచాయతీ బాధ్యత. మన గ్రామము నుండి ఎంత వసూలైనది, ఎంత జమ అయినది అని సభ్యులు సమావేశములో అడుగవలెను. సక్రమముగా జమ చేసిన పంచాయతీయే పుస్తకములు, పత్రికలు కావలెనని గట్టిగా అడుగగలదు.

రెండవది వ్రాసి ఉంచుట. గ్రామములో పాటలు, కథలు ఎరిగిన వృద్ధులు ఎవరో ఒక జాబితా సిద్ధము చేయవలెను. వారి అనుమతితో పాటను ఫోనులో రికార్డు చేయుటయే కాక, పాఠశాల ఉపాధ్యాయుల సాయముతో నోటుపుస్తకములో వ్రాయింపవలెను. పాడినవారి పేరు, ఊరు, తేదీ తప్పక ఉండవలెను. మాటను సంస్కరింపరాదు, వారు పలికినట్లే వ్రాయవలెను. ఇండ్లలో తాళపత్రములు, పాత ఉత్తరములు, చేతివ్రాత పుస్తకములు ఉన్నచో పారవేయవద్దని, అమ్మవద్దని ఇంటివారికి చెప్పవలెను.

మూడవది వినుట. జాతరలోను, బతుకమ్మ నాడును, పాఠశాల వార్షికోత్సవములోను గ్రామమున క్రొత్తగా వ్రాసినవారికి కొంత సమయము ఇవ్వవలెను. ఉపన్యాసములన్నియు ముగిసి జనము లేచిపోవు వేళ కాక, జనము ఉన్నప్పుడే ఇవ్వవలెను. ఒక శాలువా కప్పి పంపుటకంటె, కూర్చుండి చివరివరకు వినుట వ్రాసినవానికి గొప్ప గౌరవము.

నాల్గవది కొంచెము కష్టమైనది. గ్రామములో వ్రాయువాడు ఎల్లప్పుడును పంచాయతీని మెచ్చుకొనుచు వ్రాయడు. బావి ఎండిపోయినదని, వాడలో దీపము లేదని, ఫలాని వారికి అన్యాయము జరిగినదని కూడ వ్రాయును. ఆ పాట విని సభ్యులు కోపగింపరాదు. పొగడ్త పాటలు వ్రాయుమని కోరరాదు. పొగడ్త కొరకు వ్రాయబడినది ఆ సభతోనే ముగియును. మనసున ఉన్నది చెప్పుటకు ఊరిలో చోటు ఉన్నదని తెలిసినచో, యువకుడు కలము పట్టును. గ్రామము తన తప్పును తన బిడ్డ నోట వినుట, ఇతరుల నోట వినుటకంటె మేలు.

‘ఈ రాతలు కూడు పెట్టునా?’ అని ఇండ్లలో పెద్దలు అడుగుట మేము తరచుగా విందుము. నిజమే, పలువురకు పెట్టలేదు. అలిశెట్టి ప్రభాకర్ గారికి స్టూడియో కూడు పెట్టినది. గూడ అంజయ్య గారికి ఔషధశాల పెట్టినది. సదాశివ గారికి బడి పెట్టినది. వారు పనిని విడువకయే వ్రాసిరి. పిల్లవానికి ఆ మాటయే చెప్పవచ్చును: పని చేసికొమ్ము, వ్రాసికొమ్ము, వ్రాసినది మాకు చదివి వినిపింపుము.

రానున్న పంచాయతీ సమావేశపు చర్చనీయాంశములలో ఈ విషయమును కూడ చేర్చుడని సభ్యులను కోరుచున్నాము. మొదట తేల్చవలసినవి రెండు. గ్రంథాలయ పన్ను లెక్క ఏమి? మన ఊరిలో పాట ఎరిగిన పెద్దలలో మిగిలినవారు ఎందరు? మొదటి లెక్క నేడు కాకున్న రేపైనను సరిచూడవచ్చును. రెండవ లెక్కకు మాత్రము ఆలస్యము పనికిరాదు.